పక్కింటి అక్క పడిన మాట

నా చిన్నప్పుడు జరిగినవన్నీ నేను కాస్త పెంచి చెబుతాను. కాస్త అంటే, పిల్లిని పులి చేసేంత. ముందే ఒప్పుకుంటున్నాను కనుక తర్వాత నిలదీయకండి.

అప్పుడు మేము చంద్రాపూర్ పక్కన పద్మాపూర్ బొగ్గుగని క్వార్టర్లలో ఉండేవాళ్లం. నా తొమ్మిదో ఏట ఆటలమ్మ పోసింది. ఒంటి మీద లక్షా పదకొండు వేల పొక్కులు, వీపు మీదివి కాక! మొహానికి మాత్రం ఇంకా ఎక్కలేదు. అమ్మ గుమ్మానికి వేపమండ కట్టింది. అది కనిపిస్తే కడుపుతో ఉన్నవాళ్లు ఆ ఇంటి గడప తొక్కరు.

పక్కింటి అక్కకు నెలలు నిండుతున్నాయి. ఆమె సర్వపిండి కాలిస్తే ఆ వాసనకు బొగ్గు లారీలు ఆగిపోయేవి. నాకేమో మూడు రోజులుగా మజ్జిగన్నం. అమ్మ నీళ్లకు వెళ్లగానే మండ తెంపి కింద పడేశాను. ముక్కు దాకా దుప్పటి లాక్కుని, "అక్కా, జరమొచ్చింది, నోరు సప్పగుందే" అని గోడ అవతలికి వినబడేలా మూలిగాను.

ఆమె పళ్లెంతో వచ్చింది. "ఏందిరా, గింత కాలుతున్నది!" అంటూ నుదురు నిమిరి, తుంచి నోట్లో పెట్టి వెళ్లింది. గాలికి ఊడిందనుకుని అమ్మ మండను మళ్లీ కట్టింది.

రెండు వారాలకు అక్కకు పొక్కులు లేచాయి. మూడో నాడే కాన్పు. వారం తిరక్కుండా పాపకూ లేచాయి. తల్లి నుంచి అంటిందన్నాడు డాక్టరు. పిడికెడంత పిల్ల దవాఖానలో గాజుపెట్టెలో ఊపిరికి కొట్టుకుంటుంటే, అత్త కోడలి మీద పడింది.

"మండ గట్టిన ఇంట్లకు ఎందుకు వోయినవే? కండ్లు కనవడలేదా?"

"మండ లేదత్తా."

"అబద్ధాలు గూడనా!"

నేను అమ్మ కొంగు వెనకే ఉన్నాను. వాడంతా పుకార్లు పంచే నా నోరు ఆ రోజు పెగల్లేదు.

ఎన్నాళ్లకో పాప కోలుకుని ఇంటికొచ్చింది. వెళ్లి అక్కకు అంతా చెప్పేశాను. ఆమె నా చెవి మెలేసి, "అడిగితె గోడ మీంచి అందిస్తుంటి గదరా, పిచ్చోడా" అని నవ్వింది.

ఇప్పటికీ నాకు ఒళ్లు వెచ్చబడితే, కడుపుతో ఉన్నవాళ్లు ఎవరొచ్చినా వీధిలోనే ఆపేస్తాను. చాదస్తమని ఇంట్లో నవ్వుతారు.

పొక్కులూ లారీలూ పెంచినవే. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే: నేను అక్కకు చెప్పడం. చెప్పలేదు. చెవి మెలిపెట్టిందీ, నవ్విందీ నేను రాసుకున్నవే. అత్త పోయేదాకా ఆ మాట అంటూనే ఉంది, అక్క పడుతూనే ఉంది.