పెరగని డేగపెట్ట

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో పక్షుల దుకాణం ముందు ‘బాంటమ్’ అని చీటీ అంటించిన పంజరంలో గుప్పెడంత ఎర్రకోడిని చూడగానే మా సరూర్‌నగర్ ఇల్లు గుర్తొచ్చింది.

నేను బడికెళ్లే రోజుల్లో పక్కింటి సునీత ఆంటీ అలాంటి కోడినే తెచ్చింది. భీమవరంలో పందెంకోళ్లు పెంచిన మా తాతయ్య దాని ఎర్ర ఈకలు చూసి, “ఎర్రగా ఉంటే డేగ అంటాం. ఇది డేగపెట్ట. ఇంకా పిల్లే, పెరుగుద్దిలే” అన్నాడు. తరగతిలో అందరికన్నా పొట్టిదాన్ని నేనే. ప్రతి ఆదివారం తాతయ్య తలుపు మీద పెన్సిల్‌తో నా ఎత్తు గీయగానే, నేను వెళ్లి స్కేలుతో కోడిని కొలిచేదాన్ని. ఇద్దరం ఎక్కడివాళ్లం అక్కడే.

ఒకరోజు కోడి గుడ్డు పెట్టింది. తాతయ్య తెల్లబోయాడు.

“గది మూడేండ్ల కోడి తాతా. గీ జాతే గింత, ఇగ పెరగది” అని ఆంటీ నవ్వింది.

తాతయ్య కోడిని చూశాడు, నన్ను చూశాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆయన చేతిలో పెన్సిల్ కనిపించలేదు.