ఒకే ఫిల్ము మీద రెండు చేతులు

బేరం చేస్తే నాలాగే చేయాలి. 2011లో, ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైన వారంలో, సరుకు కదలక తల పట్టుకున్న ఒక వరంగల్ వ్యాపారి దగ్గర గడువు దగ్గరపడ్డ ఎక్స్‌రే ఫిల్ములు సగం ధరకు కొన్నాను. ఆటో కిరాయి కూడా అతని నెత్తినే వేశాను. జనగామలో కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి. అంతటి బేరం మా నాన్న కూడా చేయలేదని చెప్పుకొని తిరిగాను.

అప్పుడు నేను మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు ఎముకల దవాఖానలో సీనియర్ రేడియోగ్రాఫర్‌ని. సీనియర్ అంటే ఇంకో రేడియోగ్రాఫర్ లేడని అర్థం. ఫిల్ములు కొనడం, ఎక్స్‌రే తీయడం, చీకటిగదిలో మందు నీళ్లలో కడగడం అన్నీ నా పనే. పాతబడ్డ ఫిల్ము మీద బూడిద పొర కమ్ముతుంది. దాన్ని ఫాగ్ అంటాం. తెల్లగా రావలసిన ఎముక వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. డాక్టరు గారు నొసలు చిట్లించినప్పుడల్లా "ఫాగ్ సార్" అనేవాణ్ణి.

గార్ల దగ్గరి తండా నుంచి సక్రి అనే నలభై ఏడేళ్ల ఆవిడ, దగ్గితే పక్కటెముక విరిగిందని వచ్చినప్పుడూ అదే అన్నాను. కొన్నాళ్లకే ఆమె కుడి జబ్బ ఎముక విరిగి మళ్లీ వచ్చింది. బోరింగు కొడుతుంటే విరిగిందట. ఎండాకాలంలో విరిగిన ఎడమ మణికట్టును కూడా కలిపితే ఆ ఏడాది మూడోది.

ఈసారి భర్త లచ్చుతో పాటు ఆమె అన్న బీక్యా కూడా వచ్చాడు. గార్లలో ఉద్యమ శిబిరం నడిపే మనిషి.

"బోరింగు కొడితే చెయ్యి ఇరుగుతదా డాక్టర్ సాబ్? గీ బావ తాగొచ్చి కొట్టిండు. రేపు శిబిరం కాడికి గుంజుకపోయి చెప్పుల దండ ఎయ్యకపోతే నా పేరు బీక్యా కాదు."

లచ్చు నేల చూస్తూ నిలబడ్డాడు. "నేను చెప్తే ఎవలు నమ్ముతరు?" అన్నాడు.

డాక్టరు గారికీ అనుమానమే. కారణం లేకుండా ఎముకలు వరుసగా విరిగితే ఇంట్లో ఎవరైనా కొట్టారా అని అడగడం పద్ధతి. అనుమానం తీరకపోతే మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు తెలపాలి. మగవాళ్లిద్దరినీ బయటికి పంపి, నర్సును పక్కన ఉంచుకుని సక్రిని అడిగారు. లేదంది. దెబ్బలు తిన్నవాళ్లు కూడా చాలామంది అలాగే అంటారు కనుక ఆయన పోలీసులకు రాసే కాగితం పక్కకు పెట్టలేదు.

ఎక్స్‌రే గదిలో ఆమె నా మీద విసుక్కుంది. "ఆయన చెయ్యి లేపితే నేను ఊకుంటనా సారూ? ఆయన బొక్కలే ఇరుగుతుండె."

ఫిల్ము కడిగి చూస్తే ఎముక బాగా వెలిసి ఉంది. ఫాగ్ అనబోయి ఆగాను. ఆ పొద్దున అదే డబ్బాలోని ఫిల్ము మీద మరొకరి కాలు ఇంత పలచగా రాలేదు. కొట్లో తక్కెడ మీద అనుమానం వస్తే నాన్న సరుకునూ రాళ్లనూ అటూ ఇటూ మార్చి తూచేవాడు. తప్పు తక్కెడదైతే బయటపడేది. నేనూ అలాంటిదే చేద్దామనుకున్నాను. డాక్టరు గారి అనుమతితో ఒకే ఫిల్ము మీద ఆమె ఎడమ అరచెయ్యినీ పక్కనే నా అరచెయ్యినీ ఆనించాను. నాకూ ఇంచుమించు ఆమె వయసే. రేడియోగ్రాఫర్ కిరణాలకు అడ్డంగా తన ఒళ్లు పెట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. దాన్ని తప్పాను. స్విచ్ డాక్టరు గారే నొక్కారు. తప్పు ఫిల్ముదైతే రెండు చేతులూ ఒకేలా వెలవాలి.

నా ఎముకలు నిండుగా వచ్చాయి. ఆమెవి పలచగా, వేళ్ల ఎముకల అంచులు ఎలుక కొరికినట్టు ఉన్నాయి.

"నీ బొక్కలు మంచిగున్నయ్ సారూ. ఒకటి ఇస్తవా?"

"ఉద్దెర ఇయ్యనక్కా" అన్నాను.

డాక్టరు గారు నవ్వలేదు. నెలసరి ఆగే వయసులో మామూలుగా వచ్చే పలచదనంలో అంచులు ఇలా ఉండవని, రక్తంలో కాల్షియం చూడమన్నారు. తక్కువ వస్తుందని నేననుకున్నాను. బీక్యా అయితే బలం గోలీలు కొనడానికి లేచాడు. ఎక్కువ వచ్చింది. మెడలో బియ్యపు గింజంత గ్రంథులు ఉంటాయని, వాటిలో ఒకటి పెరిగి చెడితే ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి లాగేస్తుందని, ఆపరేషన్‌తో నయమయ్యే జబ్బేనని డాక్టరు గారు వివరించారు. పోలీసులకు రాసే కాగితం పక్కన పెట్టేశారు.

"అంటే ఇంటి దూలాలు పీకి బజాట్ల పారేసుడన్నట్టు" అన్నాడు బీక్యా. లచ్చు వైపు చూడకుండా చెప్పులు తొడుక్కున్నాడు.

లచ్చే కదిలించాడు. "దండకు చెప్పులు జమ చేసినవా బావా?"

"నడువు, చాయ్ తాగుదాం."

సమ్మె ముగిశాక హైదరాబాద్‌లో మిగతా పరీక్షలు, ఆపరేషన్ అయ్యాయి. ముగ్గురికీ రైలు టికెట్లు బీక్యానే తీశాడు. మరుసటి ఏడాది నేను తీసిన ఫిల్ములో వేళ్ల అంచులు చాలావరకు పూడుకున్నాయి. ఆ ఏడాది ఆమెకు మరే ఎముకా విరగలేదు.

పనిముట్టును అనుమానించడం మంచి అలవాటే. కానీ పరీక్షించని అనుమానాన్ని జవాబుగా చెప్పకూడదని అప్పుడు నేర్చుకున్నాను. ఇక లెక్క. ఫిల్ముల మీద సగం ధర మిగిలిన మాట నిజం. వాడని డబ్బాలు పారేశాక అందులో చాలావరకు పోయింది. పక్కటెముక విరిగిన నాడు నేను ఫాగ్ అనకుండా ఉంటే డాక్టరు గారు అప్పుడే రక్తం చూసేవారేమో, ఆ జబ్బ ఎముక విరగకపోయేదేమో. తేల్చి చెప్పలేను కనుక దాన్ని నా ఖర్చు కిందే రాసుకున్నాను. మొత్తం మీద నష్టమే.