మా వదిన ఒప్పుకున్న పాపాలు

మా వదినకు మారుమనస్సు కలిగిందన్న కబురు మొదట మోసుకొచ్చినది ఆమె భర్తే. పంతొమ్మిదివందల ముప్ఫైలనాటి మాట. ఆయన మండవల్లి అవతల, కొల్లేటి ఒడ్డున ఒక పల్లెలో క్రైస్తవ సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి. నాకు అన్నయ్య వరస. తాటిదోనెలో కొల్లేరు దాటి, బండి కట్టించుకుని ఏలూరు వచ్చారు. మా గుమ్మంలో అడుగు పెడుతూనే, "స్తోత్రం చెల్లెమ్మా! మీ వదినను దేవుడు ముట్టాడు" అన్నారు. మొహం వెలిగిపోతోంది.

మా సంఘాల్లో ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుడికని తీసి విడిగా ఉంచుతారు. ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేసే పని వదినది. ఆ బియ్యం తాను వండుకు తిన్నానని ఆదివారం గుళ్లో నిలబడి ఏడ్చిందట. సంఘమంతా కన్నీళ్లు పెట్టుకుని క్షమించిందట.

"తరవాతేమైందండీ?"

"మర్నాడు ఇంకో పాపం చెప్పింది. ఆ మర్నాడు ఇంకోటి. ఇంత లోతైన పశ్చాత్తాపం నేనెక్కడా చూడలేదమ్మా. తాడేపల్లిగూడెంలో ప్రార్థన కూటాలున్నాయి, అక్కడ సాక్ష్యం చెప్పిద్దామని ఉంది."

"వదిన అన్నం తింటున్నారా?"

"ఉపవాసమే. మంచినీళ్లు కూడా బతిమాలితేనే."

ఆ మాట ఆయన గొప్పగా చెప్పారు. వదిన భక్తురాలే కాని, చేపల పులుసు వాసన తగిలితే ప్రార్థనకు గబగబా ఆమేన్ చెప్పేసే మనిషి. చూసి వస్తానని ఆయన వెంటే బయలుదేరాను.

వదిన గోడకు జేరగిలబడి ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. "ఏమే మరదలా, ఏలూరు నీళ్లు బాగా పడ్డట్టున్నాయే, గుమ్మం పట్టడం లేదు!" అని వేళాకోళమాడవలసిన మనిషి, "వచ్చావా" అని ఊరుకుంది. వెంట తెచ్చిన బియ్యంతో జావ కాచి ఇచ్చాను.

"ఇవి మా ఇంటి బియ్యం వదినా."

"నా నోట్లో పడితే అవీ దేవుడివైపోతాయే. తీసెయ్."

ఇలాగే ఉంటే మనిషి దక్కదని మాత్రం తెలిసింది. కూటాలు తరవాత, ముందు ఆసుపత్రి అని పట్టుబట్టాను. "ఆత్మకు మందేమిటమ్మా" అంటూనే అన్నయ్యగారు వదినను దోనె ఎక్కించారు.

ఏలూరులో అప్పుడొక లేడీ డాక్టరు ఉండేవారు. నాడి చూశారు, కళ్లు చూశారు. ఆ తరవాత కుర్చీ దగ్గరకు లాక్కుని అడగడం మొదలుపెట్టారు. నిద్ర అసలు పట్టదా, పట్టి తెల్లారకుండానే మెలకువ వచ్చేస్తుందా? బాధ పొద్దుటిపూట ఎక్కువా, సాయంత్రమా? ఇష్టమైన కూర ఇప్పుడు రుచిస్తోందా? వదిన ఒక్కొక్కదానికీ జవాబు చెబుతూంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. తెల్లారకముందే మెలకువట. పొద్దుటే గుండె మీద బండట. నోటికి అన్నీ బూడిదేనట. ఇవేవీ ఆమె మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఉండబట్టలేక, "జ్వరానికైతే గాజుగొట్టం పెడతారు కదండీ, దీనికేం పెట్టి చూస్తారు?" అన్నాను.

ఆవిడ నవ్వి, "అడగడమేనమ్మా. విని, మళ్లీ అడగడం" అంటూ అన్నయ్యగారి వైపు తిరిగారు. "ఏవండీ, క్షమించామని సంఘం చెప్పాక ఈవిడ తేలికపడ్డారాండీ? ఒక్క పూటైనా?"

అన్నయ్యగారు వదిన మొహంలోకి చూశారు. "లేదండి. ఇంకా కుంగిపోయింది."

"ఆ బియ్యం తినడం ఎవరైనా చూశారా?"

"లేదండి. తను చెప్పింది, మేం నమ్మాం."

"తప్పు చేసినవాళ్లకు ఒప్పుకుంటే బరువు దిగుతుందండీ. ఈవిడకు ఒప్పుకున్నకొద్దీ పెరుగుతోంది. ఇది మనసును కుంగదీసే జబ్బు. మెలాంకోలియా అంటారు. ఆ పాపాలన్నీ జబ్బు చెప్పిస్తున్నవే."

"మరి ప్రార్థన మానెయ్యమంటారా?"

"మీరు చెయ్యండి. ఆవిణ్ణి మాత్రం ఏదీ ఒప్పుకోమనకండి. ఒంటరిగా వదలకండి. చెంచాతోనైనా తాగించండి."

నిద్రకు ఏదో మందిచ్చారు. అంతకుమించి పెద్ద మందులేవీ అప్పుడు లేవు. దుఃఖం ఎక్కడ ఆగి జబ్బు ఎక్కడ మొదలవుతుందో, ఇంట్లోనే నాన్నగారి దగ్గర నాలుగక్షరాలు నేర్చుకున్న నాకు ఈనాటికీ తేలలేదు. తెలుసుకోవడానికి అడగవలసిన ప్రశ్న ఒకటుందని చూపించిన ఆ డాక్టరమ్మకు మాత్రం ఎన్ని వందనాలైనా తక్కువే.

వదినను మా ఇంట్లోనే ఉంచుకున్నాం. అన్నయ్యగారు కూటాల మాట ఎత్తకుండా, పక్కన కూర్చుని చెంచాతో జావ పట్టేవారు. దేవుడి బియ్యమని ఆమె అంటే వాదించేవారు కాదు; ఇంకో చెంచా అందించేవారు. కొల్లేటికి పక్షులు దిగే చలికాలం వచ్చాక ఒకనాడు వదిన ఆయన చెయ్యి తోసి, "ఏవండీ, ఇందులో ఉప్పెక్కడండీ?" అంది. ఉప్పు తెస్తానని లేచిన మనిషి వంటింట్లో జాడీ ముందు నిలబడి ఏడ్చారు.

వదిన తిరిగి పల్లెకు వెళ్లిన ఆదివారం ఆయన వాక్యం చెప్పలేదు. "నా భార్య దొంగ కాదండీ, రోగి. రోగాన్ని చూసి నేను స్తోత్రం చెప్పాను, మీ చేతా చెప్పించాను. తప్పు నాది" అని అలాగే నిలబడిపోయారు.

వెనకనుంచి ఒక ముసలమ్మ, "కూర్చోవయ్యా ఉపదేశీ, మేమూ ఏడ్చాం కదా!" అంది.

ఆ వారం పిడికెడు బియ్యం ఆడవాళ్లంతా మళ్లీ వదిన ఒడిలోనే పోశారు.

అన్నయ్యగారి సమాధి కొల్లేటి వరదలో ఎప్పుడో కలిసిపోయింది. తనకు సంతోషమిచ్చిన మాటను తానే తప్పని పదిమందిలో చెప్పినవారిని నేను ఆయననొక్కరినే చూశాను. ఇది చదివినవారు ఈ పూట ప్రార్థనలో ఆయనను ఒక్కసారి తలుచుకోండి.