కళ్ళజోడు మర్చిపోయిన ఆదివారం

నా చిన్నప్పుడు ఆదివారం పొద్దున్న ఇంట్లో టిఫిను నాకు సయించేది కాదు. బొబ్బిలి బజారులో మా తాతయ్యకి బట్టల కొట్టు ఉండేది. ఆ ఒక్కరోజు కొట్టు తలుపులు తియ్యకుండా, నా చెయ్యి పట్టుకుని వీధి చివరి హోటలుకి తీసుకెళ్ళేవాడు. లోపలికి అడుగుపెట్టకముందే పెనం మీద నీళ్ళు చల్లిన చుయ్యిమనే చప్పుడూ, అల్లం వాసనా ఎదురొచ్చేవి. బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడి నోరూరించుకోవడం కూడా నాకు పండగే.

అక్కడ ఒక సర్వరు బాబాయి ఉండేవాడు. మనిషి సన్నం, గొంతు మాత్రం ఊరంత. "ఏటున్నాదిరా?" అని ఎవరైనా అడగడమే ఆలస్యం, భుజం మీది తువ్వాలు సర్దుకుని ఊపిరి తీసుకోకుండా అందుకునేవాడు. "ఇడ్లీ ఏడిగా ఉన్నాది, గారె ఇప్పుడే దిగినాది, పెసరట్టులో అల్లం ఉన్నాది, ఉల్లీ ఉన్నాది, పూరీ సెప్తే పొంగుతాది, బజ్జీ ఆగితే వస్తాది, కాఫీ కూకుంటే వస్తాది!" తినేవాళ్ళు నమలడం ఆపి మరీ వినేవారు. మా వీధి పిల్లలం హోటలాట ఆడితే, ఆ బాబాయి వేషం కోసం జుట్లు పట్టుకునేవాళ్ళం.

అలాంటిది, ఒక ఆదివారం వెళ్ళేసరికి గోడకి కొత్త బోర్డు ఉంది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో టిఫిన్ల పేర్లు. పని తొందరగా అవుతుందని యజమాని సరదాపడి రాయించాడట. ఇంకేముంది, వచ్చినవాళ్ళు దాన్ని చూడడం, వేలు చూపించడం. బాబాయిని అడిగేవాడే లేడు. ఆయన ప్లేట్లు తెచ్చి పెట్టి, తలొంచుకుని వెళ్ళిపోతున్నాడు. గొంతు పోయినవాడిలా ఉన్న ఆ మనిషిని చూస్తే నాకే ఏదోలా అనిపించింది. తాతయ్య ఇడ్లీ తింటూ బోర్డునీ, బాబాయినీ మార్చి మార్చి చూశాడు.

మళ్ళీ ఆదివారం, బల్ల దగ్గర కూర్చోగానే తాతయ్య చొక్కా తడుముకున్నాడు. "అయ్యో, కళ్ళజోడు మర్సిపోయాను. బోర్డు కనబడ్డం లేదు. ఏటున్నాదో నువ్వే సెప్పు," అన్నాడు. బాబాయి ముఖం వెలిగిపోయింది. చెయ్యి తువ్వాలు మీదకి వెళ్ళింది.

అప్పుడే నాకు కూడబలుక్కుని చదవడం కొత్తగా వచ్చింది. అగ్గిపెట్టె కనబడినా వదిలేదాన్ని కాదు. ఊరుకుంటానా? బెంచీ ఎక్కి, "నేను సదువుతాను తాతా! ఇడ్‌...లీ, గా...రె..." అని మొదలుపెట్టాను. అది చాలదన్నట్టు, "కళ్ళజోడు నీ జేబులోనే ఉన్నాది!" అని లాగి అందరికీ చూపించాను. హోటలంతా గొల్లున నవ్వింది. బాబాయి చెయ్యి కిందికి జారిపోయింది.

తాతయ్య నన్ను కూర్చోబెట్టి, బల్ల కింద నా కాలు మెల్లగా తొక్కాడు. "ఇది దగ్గర సూపుదే, దూరం ఆనదు. అయినా బోర్డు పేర్లు సెప్తాది గానీ, ఏది ఏడిగా ఉన్నాదో దానికేటి తెల్సు? ఒరే, నువ్వు సెప్పరా."

బాబాయి మొదట గొణిగాడు. పెసరట్టు దాకా వచ్చేసరికి పాత గొంతు దొరికింది. "కాఫీ కూకుంటే వస్తాది" అనేసరికి పక్క బల్లాయన, "మాకూ ఓసారి సెప్పు బాబూ," అని కేకేశాడు. బాబాయి నవ్వు చెవులదాకా సాగింది. తాతయ్య అంతా శ్రద్ధగా విని, ఎప్పటిలాగే ఇడ్లీ తెమ్మన్నాడు.

ఇంటికి వస్తూ నేను మూతి ముడుచుకుని నడిచాను. ఎప్పుడూ ఇడ్లీయే తిన్నప్పుడు అడగడమెందుకని నిలదీశాను. "నాకేటి కావాలో నాకు తెల్సే. ఆడికేటి కావాలో అదీ సూడాల కదా," అన్నాడు. నా చదువు కూడా చిన్నబోకూడదనుకున్నాడేమో, దారి పొడుగునా ప్రతి కొట్టు బోర్డూ నా చేత చదివించి, తప్పు చదివినా శెభాష్ అన్నాడు. ఆ తర్వాత ఆ హోటల్లో కళ్ళజోళ్ళు మర్చిపోయేవాళ్ళు ఎక్కువైపోయారు. అసలు కళ్ళజోడే లేని కుర్రాళ్ళు కూడా!

ఇప్పుడు నా మనవరాలితో ఆదివారాలు టిఫినుకి వెళ్తున్నాను. బల్ల మీద ఏదో గళ్ళ బొమ్మ అంటించి ఉంటుంది, దానికి ఫోను చూపిస్తే పేర్లన్నీ వస్తాయట. మొన్న సర్వరు పిల్ల ఒకతె వచ్చి, మాటాపలుకూ లేకుండా ఆ బొమ్మవైపు వేలు చూపించి నిలబడింది. నేను కళ్ళజోడు తీసి సంచీలోకి జార్చాను.

"కళ్ళజోడు మర్సిపోయానమ్మా. ఏటున్నాదో నువ్వే సెప్పు," అన్నాను.

మా మనవరాలు ఫోను ఎత్తి నోరు తెరవబోయింది. బల్ల కింద దాని కాలు మెల్లగా తొక్కాను.