బందెలదొడ్డిలో లారీ

లారీని బందెలదొడ్డిలో పెట్టి తాళం వేశారంటే మా మనవలు పడీ పడీ నవ్వుతారు. నవ్వండర్రా, నవ్వండి. నా చిన్నప్పుడు మా పాతపట్నంలో నిజంగానే పెట్టారు, అదీ మా చిన్నాన్న లారీనే. పంట మేసిన గొడ్లను తోలి, జరిమానా కట్టాక వదిలే ఆ దొడ్డిలోకి అంత లారీ ఎలా వెళ్ళిందో చెప్పాలంటే ముందు రక్తం సంగతి చెప్పాలి. ఆ రోజు చూసినంత రక్తం నేను నా కాన్పుల్లో కూడా చూడలేదు.

మాది చింతపండు వ్యాపారం. యుద్ధం ముగిశాక మిలటరీ వాళ్ళు వాడేసిన లారీలను విశాఖపట్నంలో వేలం వేస్తే, మా నాన్న తమ్ముడు ఒకటి పాడుకుని వచ్చాడు. మా వీధిలో ఒక షావుకారు సొంత లారీ కొనడం అదే మొదలు. ఇంటిముందు ఆపితే వీధి వీధంతా వచ్చి దాన్ని ముట్టుకుని చూసింది. మా నాయనమ్మ పసుపు రాసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టించింది. అన్నీ చేశారు గానీ అసలు చేయాల్సింది మాత్రం చేయలేదు. దానికి నంబరు వేయించలేదు.

లారీ కొన్నంత మాత్రాన రోడ్డెక్కించడానికి వీల్లేదని వేలం దగ్గరే ఎవరో చెప్పారట. రిజిస్ట్రేషనుకు రుసుము, మూడు నెలలకోసారి పన్ను, సరుకు మోయడానికి పర్మిట్టు, దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఇచ్చుకోవడానికి ఇన్స్యూరెన్సు. వింటున్నకొద్దీ మా చిన్నాన్నకు ఒళ్ళు మండింది. ఉన్నదంతా లారీకే ఊడ్చిపెట్టాడు మరి. ఆవు ఈనకముందే పాలకు పన్నేమిటని ఎగిరేవాడు. నాలుగు ట్రిప్పులు తిప్పి, ఆ లాభంతో అన్నీ కట్టేద్దామని ఆయన ఎత్తు. మా నాన్న వద్దంటే వింటేనా! తెలివి ఎక్కువైనవాడికి చెప్పడం ఎవరి తరం?

సంత రోజున బయల్దేరదామన్నాడు. ఆ రోజు పోలీసు జవాను సంతలో ఉంటాడు, రోడ్డు మీద నంబరేదని అడిగేవాడుండడని ఆయన లెక్క. జవాను సంతలో ఉంటే సంతకొచ్చే బళ్ళన్నీ రోడ్డు మీదే ఉంటాయన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు. మొదటి ప్రయాణంలో ఆడపిల్ల ఎక్కితే లక్ష్మి ఎక్కినట్టేనని నాయనమ్మ నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టింది. నాకప్పుడు ఏడేళ్ళు. పై వరసలో ముందుపన్ను ఊడిపోయి ఉంది. ఆ పన్ను సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

వెనక చింతపండు బుట్టలు వేసుకుని ఊరు దాటామో లేదో బళ్ళ వరస ఎదురైంది. మా డ్రైవరు మిలటరీలో నడిపినవాడు, ఎద్దులకు దారి ఇవ్వడం ఎరగడు. హారను మోగించాడు. ఆ మోత ఎన్నడూ వినని ఎద్దులు బెదిరి అడ్డం తిరిగాయి. ముందు బండి బోల్తాపడి, దాని ఎద్దొకటి మా చక్రం కిందికి వచ్చేసింది. ఎముకలు విరిగిన చప్పుడు నేను కూర్చున్న సీటు కిందనుంచి వినిపించింది. అది వెంటనే చావలేదు పాపం, మెడ ఎత్తి ఎత్తి నేలకేసి కొట్టుకుంది.

డ్రైవరు దూకి పొలాల్లోకి పరుగెత్తాడు. చిన్నాన్న దిగాడు. దిగినవాడు రెండు చేతులూ జోడించి ఉంటే ఏమయ్యేదో గానీ, బళ్ళు పక్కకు తీయడం తెలీదా మీకు అని అరిచాడు. అంతే. ఎవరి చెయ్యి ముందు పడిందో నేను చూడలేదు. చూసేసరికి జుట్టు పట్టి ఈడుస్తున్నారు. ములుగర్రలతో పొడుస్తున్నారు. కాడి తాళ్ళతో బాదుతున్నారు. కనుబొమ్మ చిట్లి, రక్తం నోట్లోకి కారి, మా చిన్నాన్న ముఖం ముఖంలా లేదు.

"నీ బండికి నెంబరేదిరా?" అని ఒకడు గుండెమీద తన్నాడు. "మా బండికి బిళ్ళ లేపోతే జరిమానా గుంజుతారు. నీ దెయ్యానికి బిళ్ళేది? దారి మీ బాబుదేటి?"

వాళ్ళ కడుపుమంట అబద్ధం కాదు. ఏటేటా బండిపన్ను కట్టి, రేకుబిళ్ళ ఒకటి తెచ్చి బండికి మేకులు కొట్టుకునేవారు. ఇప్పుడు పైసా కట్టని ఇనుపబండి వచ్చి వాళ్ళ ఎద్దును తొక్కేసింది, రేపు వాళ్ళ కిరాయిలూ తొక్కేస్తుంది. ఇదంతా తర్వాత తెలిసింది లెండి. అప్పుడు తెలిసింది ఒక్కటే, మా చిన్నాన్నను చంపేస్తున్నారు. ఒకడు తలమీద వేయడానికి బండరాయి ఎత్తుకొస్తున్నాడు. ఇంకొకడు లారీ కింద గడ్డి కుక్కి అగ్గిపెట్టె కోసం వెతుక్కుంటున్నాడు.

చచ్చిన ఎద్దు యజమాని బళ్ళ పెద్ద. బళ్ళవాళ్ళందరికీ పెద్ద కాబట్టి ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. కొనఊపిరి పోయేదాకా ఎద్దు తలను ఒళ్ళో పెట్టుకు కూర్చున్నవాడు, అప్పుడు లేచాడు. చేతిలో చర్నాకోల.

"తప్పుకోండ్రా! ఎద్దు నాది. కొట్టే అక్కు నాది. ఇంకెవుడైనా సెయ్యెత్తితే ఆడి సెయ్యి ఇరగ్గొడతాను!"

అందర్నీ తోసేసి, చిన్నాన్నను బోర్లా పడేసి, వీపు మీద మోకాలు ఆనించి కొట్టాడు. ఎలా కొట్టాడనుకున్నారు! చొక్కా పేలికలై, పేలికలతో పాటు తోలూ లేచింది. బూతులు తిడుతూ, రొప్పుతూ, వంగి వంగి కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కొట్టండి కొట్టండని కేకలు పెడుతున్నారు. నేను లారీ దిగి పరుగెత్తి ఆ ముసలాడి చేతిని కరిచాను. నా నోటినిండా ఉప్పగా రక్తం. ఆయన విదిలించనైనా లేదు. నేను ఎడమచేతికి వేలాడుతుంటే కుడిచేత్తో కొడుతూనే ఉన్నాడు.

చిన్నాన్న కదలడం మానేశాక బళ్ళ పెద్ద లేచి నిలబడ్డాడు. జనం కూడా రొప్పుతూ నిలబడ్డారు. అగ్గిపెట్టె దొరికినవాడు గడ్డి దగ్గర కూర్చుంటే, ఒక్క తన్ను తన్నాడు.

"గుర్తు లేని గొడ్డు దారిన పడి ఒకడి సొత్తు పాడుసేస్తే ఏటి సేస్తాంరా? కాల్సేస్తామా, దొడ్డికి తోల్తామా? కట్టండి తాళ్ళు. దీని కాపరోణ్ణి కూడా పైన పడేయండి."

ఎవడో పక్కున నవ్వాడు. ఆ నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకింది. నవ్విన మనిషి మళ్ళీ రాయి ఎత్తలేడు కదా. అప్పటిదాకా చంపుతామన్నవాళ్ళే నాలుగైదు జతల ఎద్దులు కట్టి, హోయ్ హోయ్ అంటూ లారీని ఊళ్ళోకి లాక్కొచ్చారు. చిన్నాన్నను చింతపండు బుట్టల మీద పడుకోబెట్టారు. ఆయన పక్కన నేను ఏడుస్తూ కూర్చున్నాను.

దొడ్డి గుమాస్తా తెల్లబోయాడు. గోడమీది జరిమానాల పలకలో గేదె ఉంది, గాడిద ఉంది, మేక ఉంది, లారీ లేదు. పలక మొదట్లో ఏనుగు ఉంటే, సరే ఏనుగని రాసుకుని తాళం వేశాడు. దొడ్డిలో పడ్డదాని జోలికి వెళ్తే జైలే, అది సర్కారు తాళం. ఆ రాత్రి లారీని తగలబెట్టేవాడు ఊళ్ళో లేకపోయాడు.

కాంపౌండరు వచ్చి కుట్లు వేశాడు. చిన్నాన్న అరిటాకు మీద బోర్లా పడుకుని ఉంటే, నాయనమ్మ పక్కన కూర్చుని బళ్ళ పెద్దను ఏడు తరాలు ఎత్తి శపించింది. వాడి చేతులు పడిపోను, వాడి వంశం నాశనమైపోను! నేనూ వంత పాడాను. నాలుగోనాడో అయిదోనాడో చిన్నాన్న కళ్ళు తెరిచి, తిట్టకమ్మా అన్నాడు.

"తలమీద ఒక్క దెబ్బ వేయలేదమ్మా ఆయన. నా తలను తన పొట్టకింద దాచేశాడు. పైకి తిట్టుకుంటూ, వంగినప్పుడల్లా నా చెవిలో ఒకటే మాట. లెగకు బాబూ, లెగకు. లెగిస్తే సంపేస్తారు."

నాయనమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనైతే నమ్మలేదు. నేను ఆ చేతికే వేలాడుతున్నానే, నాకెందుకు వినపడలేదని పోట్లాడాను.

లేచి తిరగగలిగిన రోజునే చిన్నాన్న చింతపండు అమ్మేసి విశాఖపట్నం వెళ్ళాడు. రుసుము, పన్ను, ఇన్స్యూరెన్సు, ఏదీ ఎగ్గొట్టలేదు. దొడ్డిలో ఏనుగు జరిమానా కట్టి విడిపించుకుని, లారీకి ముందూ వెనకా తెల్లరంగుతో నంబరు రాయించాడు. కొత్త ఎద్దును కొని బళ్ళ పెద్ద ఇంటికి తానే తోలుకెళ్ళాడు. ఆ ముసలాయన దణ్ణమూ పెట్టలేదు, మంచిమాటా అనలేదు. "ఇది నువ్విచ్చినది కాదు బాబూ, నీ బండి మింగిందే తిరిగొచ్చినాది," అని కట్టుకొయ్యకు కట్టేసుకున్నాడు.

ఆ తర్వాత సంతలో ఎక్కడ కనబడినా నన్ను పిలిచి, ఎడమచెయ్యి చాపి అందరికీ చూపించేవాడు. పళ్ళముద్ర, మధ్యలో ఊడిన పన్ను చోటు ఖాళీ. "ఓలమ్మా, లారీకి సర్కారు నెంబరేసినాది, నాకీ గుంటేసినాది!" అని నవ్వేవాడు. గుంటంటే మా వైపు ఆడపిల్ల లెండి. నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. నవ్వుతున్నవాడి బండి మాత్రం ఏటేటా ఖాళీ అవుతూనే వచ్చింది. మా లారీయే చేసింది ఆ పని.

నేను పెళ్ళయి, పిల్లలతో పుట్టింటికి వచ్చినప్పుడు ఆయన మంచంలో ఉన్నాడని విని చూడబోయాను. కళ్ళు పోయాయి. ఎవులు, అన్నాడు. నేను పేరు చెప్పకుండా ఆ మచ్చమీద వేలు పెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, బాబు బాగున్నాడా అని మా చిన్నాన్న గురించి అడిగాడు.

కొట్టడం మంచిదని నేనీనాటికీ అనను. చిన్నాన్న వీపు మీది చారలు చచ్చేదాకా పోలేదు. కానీ ఎనభై దాటిన ఈ వయసులో, ఇంట్లో ఎవరైనా గొంతు చించుకుని అరుస్తుంటే, నేను జవాబు చెప్పకుండా చెవి ఒగ్గి కూర్చుంటాను. చెవుడొచ్చిందని కోడళ్ళు అనుకుంటారు. అనుకోనీ. అంత దగ్గర వేలాడుతూ ఆ రోజు నేను వినలేకపోయిన మాట, ఆ అరుపుల కిందనుంచి నాకిప్పుడు వినిపిస్తుంది. లెగకు బాబూ, లెగకు.