మడ్‌గార్డు మీద చోటు

ఓర్వకల్లు దాటాక తారురోడ్డు వదిలి రాళ్ళగుట్టల మధ్యకు తిరిగితే మా ఊరు వస్తుంది. ఊర్లో సగం ఇళ్ళు మా చర్చి వాళ్ళవే. ఆ ఇళ్ళలో ఎవరు చనిపోయినా శవపెట్టెను సమాధుల దిబ్బకు చేర్చింది మా పికప్ బండే. మా నాయన కాలం నాటిది. ముందు ఇరుకు క్యాబిను, వెనక చెక్కల తొట్టి, తొట్టికి బయట రెండు పక్కలా చక్రాలను కప్పుతూ రెండు మడ్‌గార్డులు. ఇప్పటి బండ్లకు అవి ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. మా బండికి మాత్రం ఇంటి ముందు అరుగుల్లా బయటికి వచ్చి, పైన చదునుగా ఉండేవి. ఒక్కోదాని మీద ఇద్దరు మనుషులు సుఖంగా కూర్చోవచ్చు.

కూర్చునేవాళ్ళు కూడా. పెట్టెను తొట్టిలోకి ఎక్కించి, తలవైపు క్యాబినుకు ఆనించి పెట్టాక, పక్కకు ఇద్దరు చొప్పున నలుగురు మడ్‌గార్డుల మీద కూర్చుని, తొట్టి అంచు మీదుగా చెయ్యి చాపి పెట్టెను పట్టుకునేవాళ్ళు. మిగతా జనం పాటలు పాడుకుంటూ వెనక నడిచేవాళ్ళు. దిబ్బకు పోయే దారి పేరుకే దారి. నడుమ ఒక వంక కూడా ఉంది, దాంట్లో నీళ్ళు కనిపించేది తక్కువ, గుండ్లు కనిపించేది ఎక్కువ. అక్కడికి వచ్చేసరికి నలుగురు ఎంత పట్టుకున్నా పెట్టె కదిలి, క్యాబిను రేకుకు ఠప్పున తగిలేది. ఆ చప్పుడు వినపడితే వంక దాటామని లెక్క.

దీనికొక కట్టుబాటు ఉంది. చనిపోయిన ఇంటి వాళ్ళు మడ్‌గార్డు ఎక్కకూడదు. ఏడ్చేవాళ్ళ చేతికి పట్టు ఉండదని ఏ కాలం పెద్దలు అన్నారో తెలియదు గానీ, ఎవరూ దాటింది లేదు. నేను డ్రైవరును కాబట్టి ఊరి చావులన్నింటికీ నా చోటు స్టీరింగు దగ్గరే. బండి నాదే అయినా దాని మడ్‌గార్డు మీద నేను ఎన్నడూ కూర్చోలేదు. కూర్చోవాలని అనిపించనూ లేదు, నా భార్య పోయేదాకా.

ఆమె పోయిన రోజు కూడా బండి నేనే తోలాను. వేరేవాళ్ళు తోలతామన్నారు. మా చర్చి అయ్యగారు కూడా భుజం మీద చెయ్యి వేసి, ఈ ఒక్క రోజుకు నువ్వు వెనక నడువు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ బండి గేరు మొండిది. ఎక్కడ వదలాలో ఎక్కడ నొక్కాలో తెలియనివాడు తోలితే వంక నడుమ ఆగిపోతుంది. ఆమెను వంకలో ఆపి, ఊరంతా చేరి బండిని తోయడం నాకు ఇష్టం లేదు.

క్యాబినులో నేనొక్కడినే ఉన్నాను. పక్క సీటు ఆమెది. నందికొట్కూరు సంతకు ఉల్లిగడ్డలు వేసుకుని పోయినా, కర్నూలులో ఆసుపత్రికి పోయినా, ఆమె ఆ సీట్లో కూర్చుని ఎదురొచ్చే ప్రతి లారీని తిట్టేది. నన్ను తిట్టాల్సినవి కూడా లారీలకే తగిలించేది. ఆ రోజు సీటు ఖాళీగా ఉంది, ఆమె వెనక తొట్టిలో ఉంది. పక్క అద్దంలో చూస్తే నాకు ఆమె కనపడలేదు. తొట్టి అంచు మీద చేతులు కనపడ్డాయి. ఊరివాళ్ళ చేతులు. ఆ చేతుల మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మాకు పిల్లలు లేరు. ఒకరి పక్కన ఒకరం బతికాం. చివరి దారిలో ఆమె పక్కన కూర్చునే చోటు మాత్రం నలుగురికి దొరికింది, నాకు దొరకలేదు.

ఆ తర్వాత ఇంట్లో నేనూ రేడియో మిగిలాం. ఇంకొకటి చెబుతాను, నవ్వితే నవ్వండి. నా తలుపు తట్టేది చావు కబురు తెచ్చేవాళ్ళే అయ్యారు. ఎవరో ఒకరు పరుగున వచ్చి, బండి తీయమనేవాళ్ళు. ఆ పూట నలుగురూ మా దొడ్లో నిలబడేవాళ్ళు, నీళ్ళు అడిగి తాగేవాళ్ళు, తొట్టి కడగడానికి చెయ్యి వేసేవాళ్ళు. పరాయి చావు కోసం ఎదురుచూసేంత పాపిష్టివాడిని కాను. కానీ వచ్చినప్పుడు మనుషులు వచ్చారని ప్రాణానికి కొంచెం హాయిగా ఉండేది. అది నిజం.

అది కూడా పోయింది. పోయిన వానాకాలంలో ఒక ముసలాయన పెట్టెను తీసుకుపోతుంటే, వంక ఇంకా రాకముందే ఎడమ మడ్‌గార్డు విరిగి వేలాడింది. తుప్పు లోపలి నుంచి తినేసింది, పైన రంగు మాత్రం మిగిలింది. దాని మీద కూర్చున్న ఇద్దరిలో మా పక్కింటాయన కిందపడ్డాడు. ఆయన నాకు వరసకు బావమరిది. రక్తసంబంధం లేదు, నా భార్యను అక్కా అని పిలిచేవాడు కాబట్టి నేను బావను. మోకాలు చితికి చాలా రోజులు మంచం మీద ఉన్నాడు, ఇప్పటికీ కుంటుతున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఊర్లో కూడా ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టేవాడితో రెండు మాటలైనా మాట్లాడవచ్చు. తర్వాతి చావుకు కర్నూలు నుంచి అద్దాల పెట్టె ఉన్న వ్యాను వచ్చింది. నేను దొడ్లో నిలబడి, అది మా ఇంటి ముందు నుంచి పోవడం చూశాను.

అప్పుడు పట్టుబట్టాను. మడ్‌గార్డులు మార్చాలి. మళ్ళీ నలుగురు నా బండి మీద కూర్చోవాలి. నాకు వేరే కోరిక లేదు.

కర్నూలులో అడిగితే ఇలాంటి బండి ఇంకా తిరుగుతోందా అని నవ్వారు. కడపలో పాత బండ్లు విప్పి సామాను అమ్మే ఒక సాయిబు ఉన్నాడని, ఆయనే టింకరింగు కూడా చేస్తాడని తెలిసింది. విరిగినదాన్ని తాడుతో కట్టి, బండి తోలుకుని కడపకే పోయాను. ఆ ఎండలో, ఆ ఇంజను పక్కన, ఖాళీ సీటుతో అంత దూరం. దారిలో ఎదురొచ్చిన లారీలను నేనే తిట్టాను, ఇద్దరి వంతూ.

టింకరు బండి చుట్టూ తిరిగి చూశాడు. "పాత మోడలువి యాడా దొరకవన్నా. ఈ కంపెనీదే తర్వాత వచ్చిన బండివి ఉండాయి. రేకు శానా గట్టిది. కొంచెం కొట్టి, కోసి కూచోబెట్టల్ల" అన్నాడు. షెడ్డు వెనక నుంచి తీసి చూపించాడు. ఒక్క మచ్చ లేదు. పైన చదునుకు బదులు గుండ్రంగా, నిండు కడవ భుజంలా తిరిగి ఉన్నాయి. నాకు అవి చూడగానే నచ్చాయి.

బండి దేనికి వాడతావని అడిగాడు. ఊరి పనులకు అన్నాను. చావుబండి అంటే చెయ్యి వేయడానికి వెనకాడతాడేమో అనుకున్నాను. ఆ మాట చెప్పి ఉంటే ఆయనే ఏమైనా అనేవాడేమో, చెప్పలేదు.

పాత బోల్టులు ఊడి రాలేదు. గ్యాసుతో కోశాడు. ఎడమది ముక్కలై రాలింది. కుడిది మాత్రం గట్టిగా ఉంది. మా దొడ్లో అది గోడ నీడకు ఉండేది కాబట్టి వాన తక్కువ తగిలినట్టుంది. కొత్తవాటి రంధ్రాలు ఒక్కటీ తొట్టి రంధ్రాలకు కలవలేదు. చక్రం వంపుకూ వాటి వంపుకూ కుదరక, టింకరు లోపలి అంచు కోసి, సుత్తితో మడిచి, మళ్ళీ పట్టి చూసి, మళ్ళీ దించాడు. అట్టముక్క చక్రానికి ఆనించి గీత గీసుకుని దాని ప్రకారం రేకు కోశాడు. తొట్టికీ మడ్‌గార్డుకూ నడుమ చప్పుడు రాకుండా రబ్బరు పట్టీ పెట్టాడు. నేను పక్కన కూర్చుని బోల్టులు అందించాను. ఆ షెడ్డులో మనుషుల మధ్య ఉండటం బాగుంది. ఆయన ఇంటి నుంచి వచ్చిన అన్నంలో నాకూ పెట్టాడు.

బిగించాక, బరువు పడితే చక్రం తగులుతుందేమో చూద్దామన్నాడు. పక్కన బండలు కోసేవాళ్ళ దగ్గర నుంచి నల్లబండలు తెచ్చి తొట్టి నిండా పేర్చాం. స్ప్రింగులు కుంగాయి. చక్రానికీ రేకుకూ నడుమ ఇంకా వేళ్ళు పట్టేంత సందు ఉంది. ఊరి పెట్టెలు నాలుగు ఒకేసారి వేసినా ఏమీ కాదని సంతోషపడ్డాను. బండలతో పరీక్ష పెట్టాం గానీ, ఒక్క మనిషి ఎక్కి కూర్చుని చూద్దామని నాకు తట్టలేదు.

పాత కుడి మడ్‌గార్డును ఇనుపసామానులో వేయబోతుంటే వద్దన్నాను. తాడేసి తొట్టిలో కట్టుకున్నాను.

ఊర్లోకి వస్తుంటే నాకు గర్వంగానే ఉంది. బండి ఎక్కడా కిర్రుమనలేదు. దొడ్లో ఆపగానే ఇద్దరు ముగ్గురు వచ్చారు, వేలితో తట్టి చూశారు, బాగుందన్నారు. బావమరిది కుంటుకుంటూ వచ్చాడు.

"ఏం బావా, బండిని పెండ్లికొడుకును చేసుకోనొస్తివే" అన్నాడు. తర్వాత ఎడమ మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి రాశాడు. ఒక చేత్తో తొట్టి అంచు పట్టుకుని ఎక్కి కూర్చోబోయాడు. జారి నేల మీద నిలబడ్డాడు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ జారాడు. పక్కనున్నవాళ్ళు నవ్వబోయి ఆగారు.

"దీని మింద మనిషి ఎట్ల కూచోవల్ల బావా?" అన్నాడు మెల్లగా.

కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఏమిటో ఆ సాయంత్రం నాకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. బోల్టులు కొలిచాను, చక్రం కొలిచాను, మనిషి కూర్చునే చోటు కొలవలేదు. వచ్చినవాళ్ళు ఇక చీకటి పడుతుందని ఒక్కొక్కరే జారుకున్నారు.

కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, తొట్టిలోని పాత మడ్‌గార్డు తాడు విప్పాను. దాన్ని మోసుకుపోయి ఇంటి గోడ పక్కన రెండు రాళ్ళ మీద బోర్లించాను. బండికి ఉన్నట్టే చదునుగా నిలబడింది. బావమరిది ఇంకా పోలేదు. వచ్చి దాని మీద కూర్చుని, మోకాలు నిమురుకున్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఇన్నాళ్ళూ అడగనిది అప్పుడు అడిగాను.

"అక్క పోయిన పొద్దు నువ్వు యాడ కూచున్నావు?"

ఆయన ముందువైపు మూలను చేత్తో తట్టాడు. "ఈడ. ఇదే. అక్క తలకాయ పక్క."

"బాగా పట్టుకున్నారులే" అన్నాను. మాటలో ముల్లు ఉందని నాకూ తెలుసు. "వంకలో రేకుకు తగిలిన చప్పుడు గూడా రాలేదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మేం పట్టుకోలేదు బావా. చేతులు ఊరికే పెట్టుకోని కూచున్యాం. నువ్వు తోలింది అట్లుండె. పెట్టె కదల్నేలేదు." మళ్ళీ ఆ మూలనే తట్టి, "పెట్టెను క్యాబినుకు ఆనించినాం గదా. అక్క తల నీ ఎనకాలే ఉండె, నడుమ రేకొగటే. నాకన్నా నువ్వే దగ్గరుంటివి" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఆ చప్పుడు రాకపోవడం ఆ నలుగురి చేతుల గొప్ప అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు, చూసేది ఆయనొక్కడే కదా.

ఆయన లేచి, కుంటుతూ పక్కకు జరిగి, ఆ ముందు మూల నాకు వదిలాడు. నేను కూర్చున్నాను. తర్వాత వాళ్ళింటి నుంచి అన్నానికి పిలుపు వస్తే వెళ్ళిపోయాడు.

ఊరి చావులకు ఇప్పుడు ఆ వ్యానే వస్తోంది. కొత్త మడ్‌గార్డులు దొడ్లో మెరుస్తున్నాయి, వాటిని చూసేది నేనే. పొద్దు వాలాక గోడ దగ్గర, ఆ మూలకు పోయి కూర్చుంటాను. ఆ మొదటి సాయంత్రం కూర్చున్నప్పుడు, నలుగురూ పెట్టె మీదికి చాపినట్టే నేనూ పక్కకు చెయ్యి చాపాను. చేతికి గోడ తగిలింది. పగలంతా కాసిన ఎండకు అది ఇంకా వెచ్చగా ఉంది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.