నా మాట విన్న ఒకే ఒక్క టీవీ

మా అత్తగారు టీవీలో కనిపించిన రోజున, ఆ టీవీ ముందు నేను ఎలా కనిపించానో చెప్పబోతున్నాను. అంత ఘోరమైన దృశ్యం ఏ ఛానల్లోనూ వచ్చి ఉండదు. మీరు నవ్వుతారని తెలుసు. మొహమాటపడకుండా నవ్వండి. మిర్యాలగూడలో మా అత్తగారి వీధంతా ఇప్పటికే నవ్వి అలిసిపోయింది.

అప్పట్లో నేను కోదాడలో ట్రాక్టర్ల షోరూంలో సేల్స్ పని చేసేవాణ్ణి. సూర్యాపేటలో కాపురం, రోజూ బస్సులో రాకపోకలు. నోటితో బతికే ఉద్యోగం. మా ట్రాక్టర్ దున్నుతుంది, మోస్తుంది, ఇంకాస్త బతిమాలితే పిల్లల్ని బడి దగ్గర దించి వస్తుంది అన్నంత ధీమాగా మాట్లాడేవాణ్ణి. అంతటివాణ్ణి, సూర్యాపేటలో టీవీలు అమ్మే ఇంకో నోటికి దొరికిపోయాను.

"సార్, దీంట్ల ట్యూనర్ లోపల్నే ఉంటది. పక్కకు డబ్బా అవసరం లేదు" అన్నాడు దుకాణంలో కుర్రాడు.

"అంటే సెట్‌టాప్ బాక్సు అక్కర్లేదా?"

"వైరు డైరెక్టుగ పెట్టుకోవచ్చు సార్. ఇంకోటి, ఇది మాట గూడ వింటది. మీరు నోటితోని చెప్తే చాలు."

ఆ తర్వాత అతను ఇంటర్నెట్ ఉండాలనీ, డబ్బులు కట్టే ఛానళ్ళు ఊరికే రావనీ ఇంకేదో చెబుతూనే ఉన్నాడు. కానీ అప్పటికే నా చెవులు మూసుకుపోయాయి. ఇంట్లో పెళ్ళాం మాట వినదు, షోరూంలో మేనేజరు మాట వినడు, కనీసం టీవీ వింటుందంటే అంతకంటే ఏం కావాలి! పాత సెట్‌టాప్ బాక్సును కేబుల్ ఆయనకు వాపసు ఇచ్చేస్తూ, "మీ డబ్బాల కాలం అయిపోయిందన్నా, ఇంకేదన్న పని సూసుకో" అని సలహా కూడా ఇచ్చాను. అడక్కుండానే.

మేముండేది మేడమీద పోర్షన్లో. కింద ఇంటి ఓనరు సత్తెమ్మ పెద్దమ్మ ఉండేది. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లెక్కేది కాదు. మా హాలు కిటికీకి సరిగ్గా కింద ఆమె హాలు కిటికీ. ఈ కిటికీల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, అందుకే ఈ కథ.

టీవీ గోడకు బిగించాం. గోడలోంచి ఒక వైరు వేలాడుతోంది. అంతకుముందు కిరాయికున్నవాళ్ళు వదిలిపోయింది. దాన్ని టీవీకి గుచ్చి వెతకమంటే, కాసేపు వెతికి ఒక్క ఛానల్ దొరికిందని చెప్పింది.

"ఒక్కటేనాండీ?" అంది మా ఆవిడ సునీత.

"ఒక్కటి చాలు. మాటతోని మార్చుకోవాలె" అన్నాను.

తెర మీద ఎవరో ఆడమనిషి సీరియల్లో వెక్కివెక్కి ఏడుస్తోంది. నేను గొంతు సవరించుకుని, ఊరంతా వినేలా, "జర వార్తలు పెట్టు!" అన్నాను.

టీవీ ఒక్క క్షణం ఆలోచించింది. ఏడుపు ఆగింది. వార్తలు వచ్చాయి.

నాకు ఒళ్ళు పులకరించింది. "ఆట పెట్టు" అన్నాను. క్రికెట్ వచ్చింది. "సౌండు తగ్గించు" అన్నాను. తగ్గింది. సునీత చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

తర్వాత రెండు నెలల పాటు ఆ టీవీని నేను పొగిడినట్టు కవులు కూడా రాజుల్ని పొగిడి ఉండరు. ఎంత తెలివి దానికి! ఇంగ్లీషులో చెబితే తికమకపడేది, మన సూర్యాపేట భాషలో అడిగితే మాత్రం ఇట్టే అర్థం చేసుకునేది. సునీత మెల్లగా అడిగితే వినేది కాదు.

"నేనడిగితే ఎందుకు మారదు?" అని ఆమె ఉక్రోషం.

"గొంతుల అధికారం ఉండాలె సునీతా. అది మనిషిని గుర్తుపడ్తది."

వాన పడి కిటికీలు మూస్తే వినేది కాదు. వానకు సిగ్నల్ అందడం లేదని చెప్పాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపు పలికేది కాదు. యంత్రం కూడా చల్లబడాలి కదా అన్నాను. నా దగ్గర లేని సమాధానం లేదు. అన్నింటికంటే గొప్ప విషయం ఇంకోటుంది. ఒకసారి నాకు బాగా దగ్గు పట్టుకుంది. నేను అడగనేలేదు, అయినా ఆ టీవీ తనంతట తానే, ఆవిరి ఎలా పట్టుకోవాలో ఒక డాక్టరు చెప్పే కార్యక్రమం పెట్టింది! నేను లేచి నిలబడి టీవీకి దండం పెట్టాను. సునీత చూసింది. జ్వరమేమోనని నా నుదురు తాకింది.

అలాంటి రోజుల్లో మిర్యాలగూడ నుంచి మా అత్తగారు ఫోన్ చేసింది. ఏదో వంటల ఛానల్ వాళ్ళు వాళ్ళ వీధికి వచ్చి, ఆమె చేత చింతచిగురు బోటికూర వండించుకుపోయారట. వచ్చే ఆదివారం మధ్యాహ్నం వేస్తారట. మళ్ళీ వేస్తారో వెయ్యరో తెలీదట.

"ఇన్నేండ్ల సంది వండుతున్న అల్లుడా. మీ మామ నోట్లకెళ్ళి బాగుందన్న మాట ఒక్కనాడు రాలే. టీవీల సూసినంకనన్న అంటడేమోనని నా ఆశ" అంది.

"అయితే మా ఇంటికి రండి అత్తమ్మా. గోడంత తెర. రిమోట్ గూడ ముట్టే పని లేదు" అన్నాను. నా నోరు ఊరుకుంటేగా!

ఆదివారం దిగారు. అత్తగారు పట్టుచీర కట్టుకుని, బోటికూర టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది. మామగారు కుర్చీలో కూర్చుని, అల్లుడి టీవీని ఎద్దును బేరమాడే మనిషిలా పరిశీలించాడు. మా బామ్మర్ది రమేశ్ ఫోన్లో మునిగి ఉన్నాడు. ఎండలు మండిపోతున్నాయి. అతిథులకు ఇబ్బంది కాకూడదని కిటికీలన్నీ మూసి ఏసీ వేశాను.

తెర మీద ఒక స్వామీజీ ఓర్పు గురించి ప్రవచనం చెబుతున్నాడు. నేను వాళ్ళ ముందు నిలబడి ఠీవిగా అన్నాను.

"వంటల ఛానల్ పెట్టు!"

స్వామీజీ ఓర్పు గురించే చెబుతున్నాడు.

"వంటల ఛానల్!"

"ఏంది అల్లుడా, ఆ స్వామితోని మాట్లాడుతున్నవా?" అన్నాడు మామగారు.

"లేదు మామా, టీవీతోని. వింటది. జర ఆగుండ్రి."

సునీత సొరుగులోంచి రిమోట్ తీసి నొక్కింది. తెర నీలంగా మారి బోసిపోయింది. రిమోట్ లాక్కుని మళ్ళీ స్వామీజీ దగ్గరికి తెచ్చాను. బతిమాలాను. బెదిరించాను. "ఛానల్ బదలో భాయ్" అని కూడా అన్నాను.

"నా వంట షురూ అయితది బిడ్డా" అంది అత్తగారు. ఒళ్ళో చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, నా వైపు కాకుండా నేల వైపు చూస్తోంది. ఆమె జీవితంలో ఒక్కసారి వచ్చిన సంబరాన్ని నా గొప్పలు మింగేస్తున్నాయని నాకు నిజంగా భయమేసింది.

"అల్లుని పాణం మంచిగున్నదా?" అని మామగారు సునీతను మెల్లగా అడిగాడు.

ఇంతలో రమేశ్‌కు ఫోన్ వచ్చింది. సరిగ్గా వినపడక బాల్కనీ తలుపు బార్లా తెరిచి బయటికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే నా ఓపిక కూడా నశించింది.

"ఏయ్ మొద్దూ! ఇంతసేపటి సంది మొత్తుకుంటున్న, చెవులు పనిచేస్తలేవా? మా అత్తమ్మ వంట వస్తది, ఆ ఛానల్ పెట్టు!"

స్వామీజీ మాయమయ్యాడు. వేరే ఏదో వచ్చింది, అదీ పోయింది. తర్వాత గోడంత తెర నిండా, కడాయి ముందు నిలబడి, మా అత్తగారు!

"సూసిండ్రా మామా!" అని నేను మీసం మీద చెయ్యి వెయ్యబోయాను.

అప్పుడు బాల్కనీ కిందినుంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది.

"పెట్టిన బిడ్డా! ఎందుకట్ల మొత్తుకుంటవ్? నా చెవులు మంచిగనే ఉన్నయ్. కిటికీలు మూసుకుంటే ఎట్ల వినపడ్తది?"

మామగారు టీవీని చూశాడు. నేలను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"అల్లుడా, నీ టీవీ కిందికెళ్ళి మాట్లాడుతుందేంది?"

సునీత బాల్కనీలోంచి వంగి, "పెద్దమ్మా, ఇన్నిరోజులు ఛానల్ మార్చింది మీరా?" అంది.

"నేను గాక ఇంకెవరు? నా డబ్బకెళ్ళే గదా మీకు వైరు! పాత కిరాయోళ్ళు గుంజుకున్నరు. నేనేది పెడితే మీకు గదే వస్తది. మీ ఆయన మొదటి దినమే జర వార్తలు పెట్టుమన్నడు. రిమోట్ లేదేమో పాపమనుకున్న. వార్డుల ఎవరు పిలిచినా లేచి పోయినదాన్ని, మీదికెళ్ళి పిలిస్తే ఊకుంటనా?"

"మరి ఆ దగ్గు?" అన్నాను, సగం చచ్చిన గొంతుతో.

"అది నువ్వడగలే. నేనే పెట్టిన. తగ్గిందా?"

రమేశ్ ఫోన్ పక్కన పడేసి నేల మీద కూర్చుని నవ్వుతున్నాడు. మామగారి పొట్ట కుదుపులకు కుర్చీ కిర్రుమంటోంది. "నన్ను సూసి సావుండ్రి ముందు!" అని అత్తగారు అరిచింది. అందరం తెరవైపు తిరిగాం. ఆమె చిగురు దూసి, నలిపి, కూరలో వేసి, ఆవిరి మొహానికి తగులుతుంటే నవ్వింది. ఎంత బాగుందో ఆ నవ్వు! కార్యక్రమం అయిపోయేదాకా మామగారు కన్నార్పలేదు. అయ్యాక, కండువాతో కళ్ళు తుడుచుకుని, "బాగ చేసినవ్" అన్నాడు.

"ఏందీ?" అంది అత్తగారు, విననట్టు.

"బాగ చేసినవే అంటున్న."

అత్తగారు ఆ క్షణం మా కొంపలో ఉన్న అన్ని దీపాలకంటే ఎక్కువగా వెలిగింది.

బోటికూర తీసుకుని అందరం కిందికి దిగాం. నేను తల దించుకుని, "పెద్దమ్మా, డబ్బా అని, మొద్దు అని ఎన్నెన్నో అన్న. మాఫ్ చెయ్యాలె. అవన్నీ టీవీని అన్న" అన్నాను.

"టీవీతోని మాట్లాడతరా బిడ్డా ఎవరన్న?" అంది ఆమె, నర్సు కళ్ళతో నన్ను కిందినుంచి పైదాకా చూస్తూ. "పోనియ్. వార్డుల గంతకంటే పెద్ద తిట్లు తిన్న. నీ పుణ్యాన నాకు క్రికెట్ సూసుడు వచ్చింది."

ఇలాంటి మనిషికి ఏం చేస్తే రుణం తీరుతుంది? "రేపే నా బాక్సు నేను తెచ్చుకుంట పెద్దమ్మా. ఇంకేం చెయ్యమంటవో చెప్పు, ఏదన్నా చేస్త" అన్నాను.

ఆమె కాసేపు మొహమాటపడింది.

"ఏం లేదు బిడ్డా. రాత్రి తొమ్మిదిన్నరకు నా సీరియల్ ఒకటి వస్తది. నీ కొత్త టీవీ వచ్చినకాడికెళ్ళి ఒక్కనాడు సక్కగ సూడలే. ఆ అరగంట జర నోరు మూసుకొని కూసో, చాలు."

కనుక పాఠక మహాశయులారా, బోటికూర గిన్నె సాక్షిగా, అత్తామామల సమక్షంలో నేను చేసిన ప్రమాణం ఇది. అవతలి కొస ఎవరింట్లో ఉందో చూడకుండా ఏ వైరూ ముట్టుకోను. ఏ యంత్రాన్నీ ఏయ్ అని పిలవను. ఇక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పది దాకా, ఇల్లు అంటుకున్నా సరే, సునీతకు సైగలతోనే చెబుతాను.